ముత్యాన్ని పురుగు చేస్తుందా? 1904లో పెట్టిన ఒక పేరు, 1912లో పడిన ఒక దెబ్బ

ఈ ఎపిసోడ్‌లో మన హీరో ఒక పురుగు. కంటికి సరిగ్గా ఆనదు. సముద్రం అడుగున ముత్యపు చిప్ప మాంసంలో చిన్న గోళీలా ముడుచుకుని ఉంటుంది. 1904లో సైంటిస్టులు దీనికి ఒక లాటిన్ పేరు పెట్టారు: టెట్రారింకస్ యూనియోనిఫ్యాక్టర్. నోరు తిరగట్లేదు కదా? మొదటి ముక్క వదిలేయండి, రెండో ముక్క చూడండి. లాటిన్‌లో ‘యూనియో’ అంటే ముత్యం, ‘ఫ్యాక్టర్’ అంటే చేసేవాడు. ముత్యాలు చేసే పురుగు అన్నమాట. ఆధార్ కార్డు మీద పేరుతో పాటు ఉద్యోగం కూడా అచ్చేసినట్టు.

ఎనిమిదేళ్ళు గడిచాక, 1912లో, లండన్‌లో ఇంకో సైంటిస్టు ఒక పెద్ద పేపర్ వేశాడు. అదే చిప్పలో ఉండే గుండ్రటి పురుగుకి అతను పెట్టిన పేరు ‘లూడిఫికాన్స్’. అంటే ఆటపట్టించేది, వెర్రివాళ్ళని చేసేది. ముత్యాలు చేసేది అన్న పేరు నుంచి వెర్రివాళ్ళని చేసేది అన్న పేరుకి ఎలా వచ్చాం? మధ్యలో ఎంత డబ్బు, ఎంత ఆశ ఉన్నాయి? ఈరోజు కథ అదే.

ముందు మనకి తెలిసిన చోటు నుంచి మొదలుపెడదాం. స్వాతి కార్తెలో పడిన వాన చినుకు చిప్పలో పడితే ముత్యం అవుతుందని మన పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. విశ్వనాథ్ గారి సినిమాకి ‘స్వాతిముత్యం’ అన్న పేరు వచ్చింది కూడా ఆ నమ్మకం నుంచే. అందమైన ఊహ. కానీ దాని వెనకాల ఒక నిజమైన ప్రశ్న ఉంది. వెయ్యి చిప్పలు తెరిస్తే ఎక్కడో కొన్నిట్లోనే మంచి ముత్యం ఎందుకు ఉంటుంది? అన్నీ ఒకే నీళ్ళలో పెరిగాయి, ఒకే తిండి తిన్నాయి. ఆ కొన్నిట్లో ఏం జరిగింది?

పాశ్చాత్య సైంటిస్టులు 1850ల్లో దీనికి ఒక కొత్త జవాబు పట్టుకున్నారు. 1852లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఫిలిప్పో డి ఫిలిప్పి అనే ఆయన మంచినీటి ఆల్చిప్పల్ని పరిశీలించి, లోపల ఫ్లూక్ అనే చపటా పురుగు పిల్లలు ఉన్నాయని, ముత్యాలకి అవే కారణమని చెప్పాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే శ్రీలంకలో, అంటే అప్పటి సిలోన్‌లో, కెలార్ట్ అనే డాక్టరు కూడా ముత్యపు చిప్పల్లో పురుగుల్ని చూసి దాదాపు ఇదే అనుమానం చెప్పాడు. అంటే పురుగు లోపలికి వస్తుంది, చిప్ప భరించలేక దాని చుట్టూ మెరిసే పొరలు వేస్తుంది, అది ముత్యం అవుతుంది. వినడానికి బాగుంది. పైగా సగం నిజం కూడా ఉంది. కష్టమంతా ఆ మిగతా సగంతోనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి పురుగుల సంగతి మాట్లాడుకుందాం. లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు.

చపటా పురుగులు అంటే ఒంట్లో ఎముక లేని, రిబ్బన్‌లాగానో ఆకులాగానో పల్చగా ఉండే జీవులు. వీటిలో చాలావరకు వేరే జీవుల మీద బతుకుతాయి. మన కథలో రెండు రకాలు వస్తాయి. ఒకటి ఫ్లూక్, ఆకులా ఉంటుంది. రెండోది బద్దె పురుగు, టేపులా పొడుగ్గా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఈ రెండిటికీ ఒక విచిత్రమైన అలవాటు ఉంది: ఒక్క ఇంట్లో బతుకు పూర్తి చేయవు. చిన్నతనం ఒక జంతువులో, పెద్దయ్యాక ఇంకో జంతువులో. ఈ జంతువుని ఆ జంతువు తింటే పురుగు ఇల్లు మారుతుంది. సముద్రపు బద్దె పురుగులు చాలావాటికి చివరి ఇల్లు సొర చేప గానీ టేకు చేప గానీ.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, బద్దె పురుగు ఏ జాతో చెప్పాలంటే దాని తల చూడాలి, ముక్కల్లో ఉండే బీజకోశాలు, అండాశయాలు ఎలా అమరి ఉన్నాయో చూడాలి. ఆ అవయవాలు పెద్ద పురుగుకే ఉంటాయి. చిప్పలో ఉండేది పసిపిల్ల. దానికి ఆ అవయవాలు ఉండవు. మరీ చిన్నదైతే తల కూడా పూర్తిగా ఏర్పడదు. అంటే ఎల్‌కేజీ పిల్లల గ్రూప్ ఫోటో చూసి, వీళ్ళలో పెద్దయ్యాక ఎవరు ఏమవుతారో చెప్పమన్నట్టు. చిప్పలో చూసిన పిల్లా, టేకు చేప కడుపులో చూసిన పెద్దదీ ఒకే జాతి అని చెప్పాలంటే గట్టి సాక్ష్యం కావాలి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇక సిలోన్‌కి వెళ్దాం. శ్రీలంకకీ తమిళనాడుకీ మధ్య మన్నార్ సింధుశాఖ ఉంది. అక్కడ సముద్రం అడుగున రాతి మెట్టలు ఉంటాయి. వాటిని ‘పార్’ అంటారు. ముత్యపు చిప్పలు వాటి మీద పెరుగుతాయి. వేల ఏళ్ళుగా అక్కడ ముత్యాల వేట ఉంది. బ్రిటిష్ వాళ్ళ టైంలో పద్ధతి ఎలా ఉండేదంటే, ఈతగాళ్ళు ఊపిరి బిగబట్టి మునిగి చిప్పలు తెస్తారు. మూడు వంతుల్లో రెండు వంతులు ప్రభుత్వానికి, ఒక వంతు ఈతగాళ్ళకి. ప్రభుత్వ వాటాని వేలం వేస్తారు. చిప్ప తెరవకుండానే! లోపల ముత్యం ఉందో లేదో ఎవరికీ తెలియదు. కొనుక్కున్న వ్యాపారి చిప్పల్ని కుళ్ళబెట్టి, కడిగి, వెతుక్కోవాలి. అదృష్టం ఉంటే లక్షాధికారి, లేకపోతే చేతికి కంపే మిగులుతుంది.

అయితే ఈ వేట ప్రతి ఏడాదీ ఉండదు. చిప్పలు ఒక్కోసారి కోట్లలో వస్తాయి, ఒక్కోసారి మాయమైపోతాయి. 1891 తర్వాత అలాగే మాయమయ్యాయి. దాదాపు పదేళ్ళు వేట లేదు, ఖజానాకి ఆదాయం లేదు. దాంతో ప్రభుత్వం ఇంగ్లండ్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్‌ని పిలిపించింది. ఆయనే లివర్‌పూల్‌కి చెందిన విలియం హెర్డ్‌మన్. 1902 జనవరిలో సిలోన్‌లో దిగాడు. వెంట అసిస్టెంట్‌గా జేమ్స్ హార్నెల్ వచ్చాడు. ఈ హార్నెల్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ మన వైపుకి వస్తాడు.

ఇద్దరూ స్టీమర్ మీద పార్‌లన్నీ తిరిగి, చిప్పల్ని పట్టి, కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. హెర్డ్‌మన్ కొన్ని నెలల్లో వెనక్కి వెళ్ళాడు. హార్నెల్ అక్కడే ఉండి పని సాగించాడు. ఫలితంగా 1903 నుంచి 1906 లోపల రాయల్ సొసైటీ ఐదు పెద్ద వాల్యూముల రిపోర్టు అచ్చేసింది. నిజంగా గొప్ప పని అది. అక్కడి సముద్ర జీవుల గురించి ఇప్పటికీ చూసే రిపోర్టు.

ముత్యాల గురించి వాళ్ళు చెప్పింది ఇది. అన్ని ముత్యాలూ ఒకలా పుట్టవు. కొన్ని ఇసుక రేణువు లాంటి వాటి వల్ల. కొన్ని చిప్ప కండరాలు అతుక్కునే చోట ఏర్పడే సున్నపు గుళికల వల్ల. కానీ అన్నిటికన్నా మంచి ముత్యం, గుండ్రంగా మెరిసేది, మాత్రం బద్దె పురుగు పిల్ల వల్ల. చిప్పల్లో గుండ్రటి పురుగు పిల్లలు వాళ్ళకి బోలెడు కనిపించాయి. వాటితో పాటు, నాలుగు కొక్కేల టెంటకిల్స్ ఉండే ఇంకాస్త ఎదిగిన పురుగు కూడా దొరికింది. గుండ్రటివి చిన్న వయసువి, కొక్కేలవి అవే పెద్దయ్యాక, అని కలిపేశారు. కేంబ్రిడ్జ్‌కి చెందిన ఆర్థర్ షిప్లీ, హార్నెల్ కలిసి 1904లో పేరు పెట్టారు. అదే యూనియోనిఫ్యాక్టర్.

దాని బతుకు చక్రం కూడా గీశారు. చిప్పలో పసిపురుగు. చిప్పల్ని కొరికి తినే ట్రిగ్గర్ ఫిష్ దాన్ని మింగుతుంది. ట్రిగ్గర్ ఫిష్‌ని టేకు చేప తింటుంది. టేకు చేప కడుపులో పురుగు పెద్దదై గుడ్లు పెడుతుంది. గుడ్లు నీళ్ళలో కలిసి మళ్ళీ చిప్పకి చేరతాయి.

ఇప్పుడు దీని వెనకాల డబ్బు లెక్క ఆలోచించండి. ఇది నిజమైతే ముత్యాల పంట మన చేతిలోకి వచ్చినట్టే! పురుగు ఎక్కువ ఉన్న మెట్ట మీద చిప్పల్ని పెంచితే ముత్యాలు ఎక్కువ. చిప్పల్ని తినేస్తున్నాయని టేకు చేపల్ని చంపకూడదు, ఎందుకంటే అవి లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే ముత్యం లేదు. ఒక పురుగు పేరు సరిగ్గా తెలిస్తే ఏ చేపని కాపాడాలో, ఏ చేపని పట్టాలో తెలుస్తుంది. అందుకే ఈ గుర్తింపు లైబ్రరీలో కూర్చుని చేసుకునే సరదా పని కాదు. దీని మీద వ్యాపారం ఆధారపడి ఉంది.

దానికి తగ్గట్టు ఆ ఏళ్ళలోనే అదృష్టం కూడా కలిసొచ్చింది. 1903లో వేట మళ్ళీ మొదలైంది. 1905లో అయితే రికార్డు: 8 కోట్లకి పైగా చిప్పలు తీశారు, ప్రభుత్వానికి సుమారు 25 లక్షల రూపాయలు వచ్చాయి. అప్పటి 25 లక్షలు! మరిచ్చుక్కట్టి అనే ఎడారి లాంటి తీరంలో రాత్రికి రాత్రే ఒక ఊరు లేచేది. తర్వాత రచయితగా, వర్జీనియా వుల్ఫ్ భర్తగా పేరు పడ్డ లెనార్డ్ వుల్ఫ్ 1906 వేటలో అక్కడ కుర్ర ఆఫీసరుగా పనిచేశాడు.

ఆ ఊపులోనే 1906లో లండన్ పెట్టుబడితో ఒక కంపెనీ దిగింది. సిలోన్ కంపెనీ ఆఫ్ పెర్ల్ ఫిషర్స్. ముత్యాల మెట్టల్ని 20 ఏళ్ళకి లీజుకి తీసుకుంది. ఏడాదికి అద్దె 3 లక్షల రూపాయల పైనే. సైంటిఫిక్ అడ్వైజర్‌గా థామస్ సౌత్‌వెల్ అనే యువ జంతుశాస్త్రవేత్తని పెట్టుకుంది. 1907లో ఒక వేట జరిగింది. ఆ తర్వాత? చిప్పలే లేవు. ఒక ఏడాది లేవు, రెండేళ్ళు లేవు. కొద్ది ఏళ్ళలోనే కంపెనీ మూతపడింది. సిలోన్‌లో మళ్ళీ వేట జరిగింది 1925లో.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కంపెనీని పురుగు సిద్ధాంతమే ముంచింది అంటే అది అన్యాయం. మునగడానికి అసలు కారణం చిప్పలు పెరగకపోవడం. చిప్ప పిల్లలు సముద్రపు ప్రవాహాల్లో కొట్టుకుపోవచ్చు, ఇసుక కప్పేయొచ్చు, చేపలు తినేయొచ్చు. కానీ సైన్స్ చేతిలో ఉంది కాబట్టి ఈ వ్యాపారం ఇక జూదం కాదు అన్న ధైర్యం మాత్రం ఆ రిపోర్టులు పెంచిందే.

ఇప్పుడు సెకండాఫ్. హెన్రీ లిస్టర్ జేమ్సన్ వస్తాడు. ఇతనేమీ పురుగు సిద్ధాంతానికి శత్రువు కాదు. నిజానికి 1902లో అదే సిద్ధాంతాన్ని ఇంకోచోట నిలబెట్టింది ఇతనే. ఇంగ్లండ్, ఫ్రాన్స్ తీరాల్లో తినే మస్సెల్స్ ఉంటాయి కదా, అవీ ఒక రకం ఆల్చిప్పలే. వాటిలోని చిన్న ముత్యాలకి ఒక ఫ్లూక్ పిల్ల కారణమని, ఆ ఫ్లూక్ పెద్దయ్యేది స్కోటర్ అనే సముద్రపు బాతులో అని చూపించాడు. కాబట్టి సిలోన్ కథ నిజమైతే ఇతనికే సంతోషం.

అయినా 1912లో ఇతను ఏం చేశాడంటే, సిలోన్ ముత్యాల్నే తీసుకుని లోపల ఏముందో చూశాడు. ముత్యాన్ని పల్చటి ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగిపోతుంది. మెత్తటి పొరలు, మధ్యలో ఉన్న కేంద్రం మిగులుతాయి. దాన్ని పల్చటి ముక్కలుగా కోసి మైక్రోస్కోప్‌లో చూడాలి. పురుగు వల్ల పుట్టిన ముత్యమైతే మధ్యలో పురుగు శవం ఉండాలి కదా? సిద్ధాంతాన్ని నిలబెట్టేంత సాక్ష్యం అతనికి దొరకలేదు. మధ్యలో కనిపించింది ఎక్కువగా చిప్ప తన పెంకు కట్టుకునే పదార్థమే.

రెండో దెబ్బ. చిప్పలో పురుగు చుట్టూ ఉన్న గూడుని చూశాడు. అది నారలాంటి కణజాలం, మన ఒంట్లో ముల్లు దిగితే చుట్టూ గట్టిపడ్డట్టు. మెరిసే పొరని వేసే కణాలు వేరే. అవి పెంకు లోపలివైపు ఉండే మాంటిల్ అనే పొరకి చెందినవి. ఆ కణాలు లేనిచోట ఎన్ని పురుగులు ఉన్నా ముత్యం రాదు.

మూడోది మన సబ్జెక్ట్‌కి గుండెకాయ. ఆ గుండ్రటి పిల్లలు, కొక్కేల పురుగు ఒకటే కాదు అన్నాడు జేమ్సన్. టెట్రారింకస్ గుంపు పురుగుకి నాలుగు టెంటకిల్స్, వాటినిండా కొక్కేలు. గుండ్రటి పిల్లకి కొక్కేలు లేవు, ముందువైపు కండగల ఒక బొడిపె ఉంది. అది టైలోసెఫాలం అనే పూర్తిగా వేరే గుంపు. వయసు తేడా కాదు, వంశమే వేరు. అలా దానికి టైలోసెఫాలం లూడిఫికాన్స్ అని పేరు పెట్టాడు. సైన్స్ పేపర్లలో ఇంత చురక వేసే పేర్లు అరుదు.

కోడింగ్ చేసేవాళ్ళకి ఈ సీన్ బాగా తెలుసు. సర్వర్ పడిపోయినప్పుడల్లా లాగ్‌లో ఒక వార్నింగ్ కనిపిస్తుంది. ఇదే దొంగ అని టికెట్‌కి ఆ పేరే పెట్టేస్తాం. ఆ వార్నింగ్ సర్వర్ బాగున్నప్పుడు కూడా వస్తోందా అని ఎవరూ చూడరు. పురుగులు చిప్పల్లో ఉన్నాయి, ముత్యాలూ చిప్పల్లో ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన ఒకదాన్ని ఇంకోటి చేసిందని కాదు.

జేమ్సన్‌లో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. పక్కవాళ్ళ పురుగుని ప్రశ్నించి ఊరుకోలేదు. మరుసటి ఏడాది, 1913లో, విలియం నికోల్ అనే పురుగుల నిపుణుడితో కలిసి స్కోటర్ బాతులోని పరాన్నజీవుల్ని మళ్ళీ పరీక్షించి, మస్సెల్ ముత్యాల పురుగుకీ వాటికీ ఉన్న సంబంధం మీద పేపర్ వేశాడు. ఎదుటివాళ్ళకి పెట్టిన పరీక్షే తన పనికీ పెట్టుకున్నాడు.

మరి ముత్యం ఎలా పుడుతుంది? జవాబు అదే కాలంలో జపాన్‌లో దొరికింది. నిషికావా, మిసే అనే ఇద్దరు వేర్వేరుగా ఒకే పద్ధతికి వచ్చారు. ఒక చిప్ప మాంటిల్ నుంచి చిన్న ముక్క కోసి, చిన్న పూసతో పాటు ఇంకో చిప్ప లోపల పెట్టాలి. ఆ ముక్కలోని కణాలు పెరిగి పూస చుట్టూ సంచిలా కట్టుకుంటాయి, పొర మీద పొర వేస్తాయి. ముత్యం చేసేది ఆ సంచి. పురుగు గానీ ఇంకేదైనా గానీ మాంటిల్ కణాల్ని లోపలికి తోస్తే ముత్యం రావచ్చు. అంటే పురుగు కొన్నిసార్లు సాకు అవుతుంది, కానీ తయారీదారు కాదు. మికిమోటో ఈ పద్ధతితోనే ప్రపంచ మార్కెట్‌ని మార్చేశాడు. మన దగ్గర 1973లో తూత్తుకుడి దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సైంటిస్టులు ఇలాగే ముత్యాలు పండించారు. ఒకప్పుడు పురుగు కోసం వెతికిన అదే మన్నార్ తీరంలో!

హార్నెల్ సంగతి చెప్తానన్నాను కదా. సిలోన్ తర్వాత ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖలో చేరి, డైరెక్టర్ దాకా ఎదిగాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా ఆంధ్ర కూడా. సౌత్‌వెల్ బెంగాల్ వైపు మత్స్యశాఖకి వెళ్ళి, 1930లో మన దేశపు బద్దె పురుగుల మీద రెండు వాల్యూముల పుస్తకం వేశాడు. సిద్ధాంతం కూలినా పురుగులు మిగిలాయి, వాటికి సరైన పేర్లు పెట్టే పని మిగిలింది.

ఆ పని ఇవాళ ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. గూట్లోంచి పురుగుని చిరగకుండా తీయాలి, మెల్లగా పరచాలి, రంగు పట్టించాలి, గాజు పలక మీద బిగించాలి. కొక్కేల వరసల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టాలి. ఇంకో చిన్న ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, టేకు చేపలో దొరికిన పెద్ద పురుగు డీఎన్‌ఏతో పోల్చాలి. రెండూ కలిస్తే అది దాని పిల్ల. కలవకపోతే, ఎంత పోలిక ఉన్నా కాదు. 1904లో హార్నెల్‌కి ఈ టెస్ట్ లేదు. అందుకే ఆయన్ని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా పాత కథ, మనకెందుకు అనిపిస్తే కొరియా ఉదాహరణ చూడండి. 1988లో అక్కడ ప్యాంక్రియాస్ వాపుతో వచ్చిన ఒక పేషెంట్ దగ్గర తెలియని ఫ్లూక్ దొరికింది. జేమ్సన్ మస్సెల్ పురుగు కుటుంబమే, మామూలుగా తీరపు పక్షుల్లో ఉండేది. 1993లో దాన్ని కొత్త జాతిగా గుర్తించి జిమ్నోఫాలాయిడిస్ సియోయి అని పేరు పెట్టారు. అది పచ్చి ఆయిస్టర్లు తినడం వల్ల వస్తోందని తేలింది. పేరు తెలిశాకే ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది, ఏం తినకూడదో చెప్పగలిగారు.

ఒకసారి హైదరాబాద్‌కి వచ్చేద్దాం. పత్తర్‌గట్టి షాపుల్లో ఒకప్పుడు బస్రా ముత్యాలంటే గల్ఫ్ సముద్రంలో ఈతగాళ్ళు తెచ్చినవి. ఇప్పుడు అక్కడ వేలాడే దండల్లో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పండినవి. మాంటిల్ ముక్క పెట్టి పెంచినవి. వాటిలో స్వాతి చినుకూ లేదు, బద్దె పురుగూ లేదు.

రెండూ అందమైన కథలే. తేడా ఏంటంటే, పురుగు కథని ఒకతను ఆసిడ్‌లో కరిగించి చూశాడు. ఈసారి ఎవరైనా ఒక సమస్యకి గబగబా పేరు పెట్టేస్తే, దాన్ని కోసి లోపల చూశారా అని అడగండి.

మీ ఊళ్ళో బద్దె పురుగుని, టేకు చేపని ఏమంటారో కింద రాయండి. తీరం వైపు వాళ్ళ మాటలు నాకు ముఖ్యంగా కావాలి.